వెళ్తున్నారా? వస్తున్నారా?

పదిహేడవ రోజు, సోమవారం

ఓడలో నిప్పు వెలిగించకూడదు. అందుకని బ్యాటరీ దీపం పెట్టుకుంటున్నాను. దాని వెలుగు వత్తి వెలుగులాగే కదులుతుంది. అది నిజం దీపం కాదని దేవుడికి తెలుసు. ఏమీ అనుకోడని నా నమ్మకం.

హాసిని ఇంకా లేవలేదు. దానికి నలభై నాలుగు, నాకు యాభై ఆరు. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు. అప్పటినుంచీ నా చెయ్యి పట్టుకునే పెరిగింది. దానికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు అంటే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

ఈ కరీబియన్ సముద్రం ఇప్పుడు ఏడాదికి నలభై రోజులే ఓడల్ని రానిస్తుంది. తక్కిన రోజులన్నీ తుఫానులే. ఆ నలభై రోజుల్నీ మా అంతస్తులో తెలుగువాళ్ళందరూ తెరిపి అంటున్నారు. తెరిపి మూసుకునేలోగా వెనక్కి మళ్ళాలి. ఇంకొక్క రేవే ఉంది. పోర్ట్ ఒమేర్.

ఇంతవరకూ నేను ఏ రేవులోనూ దిగలేదు. మోకాళ్ళు. హాసినే దిగి, చూసి, వచ్చి చెబుతుంది. నాకు చాలు.

పంతొమ్మిదవ రోజు, బుధవారం

ఈ రోజునుంచి కావలి తెలుగు మాట్లాడుతోంది.

ఓడలో అందరి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. మావాళ్ళు దాన్ని తాయెత్తు అంటారు. ఊళ్ళో దారి చూపిస్తుంది, పరాయి భాష విప్పి చెబుతుంది, ఆపదలో కూత పెడుతుంది. ఆ తాయెత్తులన్నిటి వెనకా ఉండి మాట్లాడే యంత్రమే కావలి. ఓడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మెట్ల తలుపు దగ్గర దానికి నోటితో చెప్పాలి. మనుషుల ముఖాలు యంత్రాలు చూడకూడదని చట్టం వచ్చాక మనిషి మాటే సాక్ష్యం. నిన్నటిదాకా ఇంగ్లీషులో అడిగేది.

పొద్దున్నే హాసిని దానితో మొదలుపెట్టింది.

"ఏమ్మా కావలీ, టిఫిన్ చేశావా?"

"క్షమించండి. నేను ఆహారం తీసుకోను."

"మరి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందే తల్లీ నీకు! మా అక్కకి కొంచెం అప్పివ్వు."

"మీ అక్కగారు ఓడలోనే ఉన్నారు. క్షేమం."

హాసిని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. పీల్చే మందు నేనే అందించాను. ఏం అడిగినా కావలి చివరికి ఆ ఒక్క మాటకే వస్తుంది. ఓడలోనే ఉన్నారు. క్షేమం.

ఇరవయ్యో రోజు, గురువారం

మధ్యాహ్నం జాగ్రత్తల పాఠం. చెప్పింది మా అంతస్తు భద్రతాధికారి పైడిశ్రీ. విజయనగరం అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. డ్యూటీలో పుస్తకంలా మాట్లాడుతుంది.

పోర్ట్ ఒమేర్‌లో నేల మీద నీలం గీత ఉంటుంది. అది దాటకూడదు. ఒంటి మీద బంగారం ఉండకూడదు. ఎవరైనా పలకరిస్తే చిరునవ్వు నవ్వి ముందుకు నడవాలి. ఎవరింట్లోకీ వెళ్ళకూడదు. ఎవరిచ్చినదీ తాగకూడదు. రెండున్నరకల్లా ఓడలో ఉండాలి. మూడు ముప్పై అయిదుకి మెట్లు లేపేస్తారు. మూడు నలభైకి బయలుదేరతాం. సాయంత్రానికి తెరిపి మూసుకుంటుంది.

"ఎవరైనా ఉండిపోతే?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"మళ్ళీ తెరిపికే అండీ ఓడ. పది నెలల పైన," అంది పైడిశ్రీ.

"ఆ ఊళ్ళో మనుషులు అంత చెడ్డవాళ్ళా?" హాసిని అడిగింది.

"నాకు తెలీదండీ. నేనూ ఎప్పుడూ గీత దాటలేదు."

ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

హాసిని దుద్దులు తీసి లాకర్లో పెడదామని కూర్చున్నాను. ఎడమ చెవి దుద్దు రాలేదు. సబ్బు రాసి అరగంట కూర్చున్నాం. "చెవి కోసి లాకర్లో పెట్టక్కా, పీడా పోతుంది," అంది.

రేపు శుక్రవారం. నైవేద్యానికి పులిహోర చేద్దామంటే ఓడ వంటశాలలో చింతపండు లేదు. ఆ దీవిలో చింతచెట్లు ఉంటాయని, నీలం గీతకి ఇవతలే సంత అని పాఠంలో విన్నాం. "నేను తెస్తాలే," అంది హాసిని. సరే అన్నాను.

ఇరవై ఒకటో రోజు, శుక్రవారం. ఉదయం 9.50

హాసిని దిగింది. సాగనంపడానికి మొదటిసారి నేనూ మెట్ల తలుపుదాకా వెళ్ళాను.

కావలి అడిగింది. "వెళ్తున్నారా? వస్తున్నారా?"

"వెళ్తున్నాను," అంది హాసిని. గంట మోగింది.

నాకు ప్రాణం చివుక్కుమంది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ఏటి లంకలో బడిపంతులమ్మగా చేసే అమ్మ ఒక్కసారే అంది. బడికి ఆలస్యమైందని తొందరలో, "వెళ్తున్నానర్రా," అని లంకకి పడవెక్కింది. అంతకు మించి రాయను.

"గడప మీద నిలబడి వెళ్తున్నానంటారుటే? వెళ్ళొస్తానను," అన్నాను.

"అలాగేలే అక్కా! వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను. చాలా?"

గంట రెండుసార్లు మోగింది. "స్వాగతం," అంది కావలి.

"దిగేవాళ్ళకి స్వాగతం అంటుందేంటక్కా ఇది! తెలుగు సరిగ్గా ఒంటబట్టలేదు పాపం," అని నవ్వుకుంటూ దిగిపోయింది. చిలకపచ్చ చుడీదార్. చేతిలో గుడ్డసంచీ.

మధ్యాహ్నం 1.15

బట్టలు ఉతుక్కున్నాను. పారాయణ పూర్తయింది. వంటశాలనుంచి తెచ్చిన అన్నం చల్లార్చి పళ్ళెంలో పరిచాను. పసుపు, నూనె కలిపి పెట్టాను. చింతపండు రావాలి.

2.10

రాలేదు. తాయెత్తులోంచి పిలిస్తే పలకడం లేదు. కావలిని అడిగాను.

"మీ చెల్లెలు గారు ఓడలోనే ఉన్నారు. క్షేమం."

వచ్చేసి ఎక్కడో కబుర్లలో పడిందనుకున్నాను. భోజనశాల చూశాను. పై డెక్కు చూశాను. ఈతకొలను దగ్గర చూశాను. ప్రతిచోటా ఆగి అడిగాను. ప్రతిచోటా అదే జవాబు. ఓడలోనే ఉన్నారు. క్షేమం.

గదికి తిరిగొచ్చాను. దాని చెప్పులు లేవు. పెద్ద మందుడబ్బా బల్ల మీదే ఉంది. సంచీలో పెట్టుకెళ్ళిన చిన్నదాన్లో నాలుగు పీల్పులకు మించి ఉండవు.

2.40

దిగే దారి మూసేశారు. ఇక తలుపు, ఆలస్యంగా వచ్చేవాళ్ళకి మాత్రమే తెరుచుకుంటుంది.

పైడిశ్రీని పిలిచాను. గది చూసింది. బయట పలక మీద లెక్క చూపించింది. నాలుగు వేల రెండు వందల పదకొండు మంది. అందరూ ఓడలోనే.

"ఎక్కడో ఉంటారమ్మా. కావలి ఇంతవరకూ తప్పు చెప్పలేదు."

"తెలుగులో చెప్పడం మొదలుపెట్టి రెండు రోజులేగా అమ్మా," అన్నాను.

తను వెళ్ళి బైనాక్యులర్ తెచ్చిచ్చింది.

2.55

కనిపించింది.

రేవు చివర ఇనుప గేటు ఉంది. ఊళ్ళోకి పోయే తిరుగుడు ద్వారం ఎవరికైనా తిరుగుతుంది. ఓడవైపు వచ్చేది తాయెత్తు చూస్తేనే తిరుగుతుంది. గేటు అవతల చిలకపచ్చ చుడీదార్. మణికట్టు పెడుతోంది. ఎర్రదీపం. తీసి, తుడిచి, మళ్ళీ పెడుతోంది. మళ్ళీ ఎర్రదీపం. ఇద్దరు కాపలావాళ్ళు దాన్ని భుజం పట్టి పక్కకి జరిపారు. అది వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. ఊపిరి అందనప్పుడు అలా నిలబడుతుంది.

పెద్ద గడ్డిటోపీ పెట్టుకున్న ఒకావిడ బకెట్ తెచ్చి బోర్లించి వేసింది. వీపు నిమిరింది. గ్లాసుతో ఏదో ఇచ్చింది. హాసిని తాగింది.

పైడిశ్రీ రేడియోలో గేటువాళ్ళని అడిగి వచ్చింది. ముఖం పాలిపోయింది.

"మీ చెల్లెలుగారు తాయెత్తు దొంగిలించారని అనుకుంటున్నారమ్మా. ఆ తాయెత్తు మనిషి ఓడలోనే ఉన్నట్టు రాసుంది కదా. ఓడలో ఉన్న మనిషికి గేటు ఎలా తీస్తామంటున్నారు."

"నేను దాని అక్కనని చెప్పు."

"చెప్పానమ్మా. మాట సాక్ష్యం మెట్ల దగ్గరే చెల్లుతుందట. గేటు దగ్గర చెల్లదట."

3.05

పొద్దుటి మాటలు వినిపించమని కావలిని అడిగాను. "మీ స్వరం ఉన్న భాగం మీరు వినవచ్చు," అంది.

విన్నాం. వెళ్తున్నాను. ఒక గంట. తర్వాత నా గొంతు. ఇంత కటువుగా ఉంటుందని నాకు తెలీదు. వెళ్ళొస్తానను. దాని నవ్వు. వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను. రెండు గంటలు. స్వాగతం.

పైడిశ్రీ గోడకి ఆనుకుంది. పుస్తకభాష పోయింది.

"ఎల్లి రావడం కదమ్మా. ఆకరుమాట రావడం. అదే పట్టేసినాది ముండ. మా యమ్మా అలగే అంతాది. ఎల్తున్నానంటే నోరు మూసేస్తాది."

హాసిని సరిగ్గానే చెప్పింది. తప్పు మాట దాని నోట్లో పెట్టినది నేను.

లెక్క మార్చమన్నాను. కెప్టెన్ దగ్గరికి పరుగెత్తింది.

3.18

పైడిశ్రీ వచ్చింది. లెక్క కెప్టెన్ చేతిలో లేదట. కంపెనీ ఆఫీసుకి రాశారు. మూడు రోజుల్లో పరిశీలిస్తామని జవాబు. లెక్క ప్రకారం ఎవరూ మిగిలిపోలేదు. ఎవరూ మిగిలిపోనప్పుడు ఓడ ఆగదు. వెనక నాలుగు వేల ప్రాణాలు, ముందు తుఫాను. ఆయన తప్పూ లేదు.

"నన్ను దించండి," అన్నాను.

"దిగే తలుపు మూసేసినాం గదమ్మా. వెళ్తున్నానంటే తియ్యదు. వస్తున్నానన్నోళ్ళకే తీస్తాది."

అని, తను నా వంక చూసింది. నేను తన వంక చూశాను.

"అమ్మా, ఓడలోనే ఉన్నట్టు రాసుంటాది గదా, గేటు అవతలికి పోతే మీ తాయెత్తూ పన్జెయ్యదు. ఇంక రానేరు."

"తెలుసమ్మా."

సంచీ సర్దుకున్నాను. పెద్ద మందుడబ్బాలు మూడు. శాలువా. బ్యాటరీ దీపం. ఈ పుస్తకం. కలిపిన అన్నం కూడా డబ్బాలో పెట్టాను. పారేయడానికి చేతులు రాలేదు. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

సాయంత్రం 5.20. పోర్ట్ ఒమేర్, ఒడెట్ గారిల్లు

జరిగినది జరిగినట్టు రాస్తాను.

మెట్ల తలుపు ముందు నిలబడ్డాను. పైడిశ్రీ నా పక్కనే ఉంది.

"వెళ్తున్నారా? వస్తున్నారా?"

అంతవరకూ కావలికి అబద్ధం చెప్పే అవసరం నాకు రాలేదు. అప్పుడూ రాలేదు.

"వెళ్ళొస్తాను," అన్నాను.

రెండు గంటలు. "స్వాగతం." తలుపు తెరుచుకుంది.

"ఎల్లిరండమ్మా," అంది పైడిశ్రీ.

రేవు పొడవునా ఎండ. మోకాళ్ళు ఎంత నొప్పి పెట్టాయో గుర్తులేదు. గేటు తిరిగింది. నేను అవతలికి వెళ్ళేసరికి హాసిని బకెట్ మీదనుంచి లేచి అరిచింది.

"నువ్వెందుకు దిగావక్కా! బుద్ధుందా నీకు! ఓడ వెళ్ళిపోతుంది!"

"ముందు మందు పీల్చు."

"నేనేదో తిప్పలు పడతాను కదా! నువ్వు, ఆ మోకాళ్ళతో..."

"పీల్చవే."

పీల్చింది. రెండోసారి కూడా పీల్చింది. పెదవుల రంగు మెల్లగా తిరిగొచ్చింది. అప్పుడు సంచీలోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. చింతపండు. గింజ తీయనిది, ఎర్రగా బాగుంది.

ఓడ మూడుసార్లు కూసింది. మెట్లు లేచాయి. మేం చూస్తూ నిలబడ్డాం. అది మలుపు తిరుగుతుండగా మా ఇద్దరి తాయెత్తులూ ఒక్కసారి వణికాయి. ఇన్ని గంటలు చచ్చిపడున్న తాయెత్తుకి ఆఖరి నిమిషంలో ప్రాణం వచ్చింది.

"అందరూ ఓడలోనే ఉన్నారు. అందరూ క్షేమం. శుభప్రయాణం."

హాసిని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎక్కడ మారిందో తెలీదు, నా భుజం తడిసింది.

టోపీ ఆవిడ ఇదంతా చూస్తోంది. పేరు ఒడెట్. అరవై దాటి ఉంటాయి. గేటు పక్కన కొబ్బరిబోండాలు, చింతపండు ఉండలు అమ్ముతుంది. హాసినికి ఇచ్చింది కొబ్బరినీళ్ళే. ఏం జరిగిందని అడిగింది. హాసిని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. మా దేశంలో గడప దాటేటప్పుడు పోతున్నానని అనం, వెళ్ళి వస్తానంటాం, ఆ యంత్రానికి అది అర్థం కాలేదు అని.

ఒడెట్ నడుం మీద చేతులు పెట్టుకుని ఓడవైపు చూసి ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఇక్కడా అంతేనట అక్కా. గో కమ్ అంటారట. ఉత్త గో అన్నవాణ్ణి వాళ్ళ నాన్నమ్మ గుమ్మంలోనే నిలబెట్టి మళ్ళీ చెప్పించేదట. అంత పెద్ద ఓడకి ఈ చిన్న ముక్క నేర్పేవాళ్ళే దొరకలేదా అంటోంది."

ఆకాశం తూర్పున నల్లబడింది. ఒడెట్ బండి మడిచి, మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపింది. నీలం గీత దాటేటప్పుడు హాసిని ఒక్క క్షణం ఆగింది. నేను ఆగలేదు.

ఇరవై మూడో రోజు, ఆదివారం

రెండు రోజులుగా గాలి. కాంక్రీటు ఇల్లు, మేడ మీద గది. కిటికీలకి ఇనుపరేకులు. పగలో రాత్రో తెలియడం లేదు. బ్యాటరీ దీపం పెట్టుకుని జపం చేసుకుంటున్నాను. ఒడెట్ దాన్ని చూసి తన మేరీమాత పటం తెచ్చి పక్కన పెట్టింది. ఒక్క దీపానికి ఇద్దరు.

నిన్న పులిహోర కలిపాను. ఓడలో కలిపిన అన్నం కొంచెం పులిసింది. ఒడెట్ రెండోసారి వడ్డించుకుంది. "నైవేద్యం ఒకరోజు ఆలస్యం," అన్నాను. "మన అడ్రసు మారింది కదక్కా, దేవుడు వెతుక్కుంటూ రావద్దూ," అంది హాసిని. మందుడబ్బాలు దాచాను. రోజుకి రెండు పీల్పులు మించకపోతే నాలుగు నెలలు. తెరిపికి పది. ఆ మధ్య ఆరు నెలల గురించి దానితో మాట్లాడలేదు. ఆస్పత్రి ఉందని ఒడెట్ అంటోంది. గాలి తగ్గాక చూడాలి.

మేం ఓడలో క్షేమంగా ఉన్నట్టు మా ఊళ్ళో మావాళ్ళకి కావలి నుంచి రోజూ కబురు అందుతూ ఉంటుంది. పైడిశ్రీ ఎవరికైనా చెప్పగలదా, చెబితే నమ్ముతారా, తెలీదు.

ఉదయం తొమ్మిదింటికి గాలి హఠాత్తుగా ఆగింది. తుఫాను నడిబొడ్డు మా మీదికి వచ్చిందని, గంట మాత్రమే ఉంటుందని ఒడెట్ చెప్పింది. రెండు వీధుల అవతల ఒంటరి ముసలాయన ఉన్నాడట, తీసుకొస్తానంది. వద్దని హాసిని చెయ్యి పట్టుకుంది. ఒడెట్ ఆ చెయ్యి విడిపించుకుని, గుమ్మంలో వెనక్కి తిరిగి, నన్ను చూసి గట్టిగా అంది.

"గో కమ్."

నేను తల ఊపాను.

గంట దాటింది. గాలి మళ్ళీ మొదలైంది. ఈసారి అటువైపు నుంచి. వీధిలో రేకులు ఎగురుతున్న చప్పుడు. హాసిని ఏడుస్తోంది, నాకు తెలియకూడదని మొహం అటు తిప్పుకుంది. నేను తలుపు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నామం నోట్లో ఉందో లేదో కూడా తెలీదు.

తలుపు మీద ఎవరో బాదారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు. గాలిలో గొంతు పోల్చుకోలేకపోయాను.

"ఎవరో ఏంటో అడుగక్కా ముందు!" అంది హాసిని.

నేను అడగలేదు. గడియ తీశాను.